పిల్లి కోసం వదిలిన కంత

ఆ గోడౌను ఎంత పొడుగంటే, ఈ చివర ఒకడికి జలుబు చేస్తే ఆ చివరివాడు తుమ్మడానికి వారం పట్టేదని హమాలీలు చెప్పుకునేవారు. హమాలీల మాటలో సగం తీసేసినా మిగిలిన సగం చిన్నదేమీ కాదు. రేకుల కప్పు, సిమెంటు నేల, నేలమీద పసుపు గీతలు, గీతల మధ్య మనిషికి మూడింతల ఎత్తున అట్టపెట్టెల గుట్టలు. ప్రతి పెట్టె మీదా మూడు రెక్కల ఫ్యాను బొమ్మ, దాని కింద నవ్వుతున్న ఒక కుటుంబం. గాలికి వాళ్ళ జుట్టు ఎగురుతూ ఉంటుంది.

ఆ గుట్టలు కట్టించేవాడు గోడౌను కీపరు. కాగితాల మీద ఆయన హోదా అదే గానీ అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. ఇటుకలు పేర్చినట్టు పెట్టెలు పేరుస్తాడని ఆ పేరు. కింది వరస నిలువుగా పడితే పై వరస అడ్డంగా పడాలి. రెండు పెట్టెల సందు మీద మూడోదాని నడుము కూర్చోవాలి. కూర్చున్నాక అరచేత్తో ఒక్క చరుపు చరిచి, తల వంచి వినేవాడు. ఏం వింటావు మేస్త్రీ అంటే, "సరిగ్గా కూర్చుందో లేదో పెట్టే చెబుతుందిరా" అనేవాడు.

ఆ రోజు మాత్రం ఆయన చరవలేదు. ఖాళీ పెట్టెను చరిస్తే డోలులా మోగుతుంది.

మర్నాడు సరుకు లెక్కపెట్టడానికి ఆడిటర్లు వస్తారు. పొద్దున్నే వ్యానులో చదునుగా మడిచిన అట్టలు దిగాయి. హమాలీలు నేలమీద బాసింపట్టు వేసుకుని అట్టలు విప్పడం, అడుగు మడవడం, గోధుమరంగు టేపు పరపరా లాగి అతికించడం మొదలుపెట్టారు. అతికించిన పెట్టెలో ఏమీ పెట్టలేదు. మూత కూడా మూసి, పైన ఇంకో టేపు వేశారు.

"మేస్త్రీ, నిన్న మా వీధిలో గాలి ఆడలేదు, ఎందుకా అనుకున్నా" అన్నాడు కోతలోడు. వాడు హమాలీల్లోకెల్లా బలమైనవాడు, అబద్ధాల్లో అంతకన్నా బలమైనవాడు. ఒకసారి లారీ దిగబడిపోతే చిటికెనవేలితో లేపానని నలుగురిలో చెప్పి, సాక్షికి అదే లారీని చూపించిన ఘనుడు. "ఊళ్ళో గాలంతా తెచ్చి మన కంపెనీ పెట్టెల్లో కుక్కేస్తోంది. ఇక ఫ్యాన్లు తయారుచెయ్యడం ఎందుకండీ దండగ? మూత తీస్తే చాలు, చల్లగా ఉంటుంది."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వబోయి, టేపు కత్తిరించే పనిలో పడ్డాడు.

గుట్ట కట్టే తీరు ఇదీ. నడవాలోకి కనిపించే ముఖానికి రెండు వరసలు నిజమైన ఫ్యాన్లు. వాటి వెనక ఒక వరస ఖాళీ పెట్టెలు. వాటి వెనక ఏమీ లేదు. పైన చెక్కలు పరిచి, చెక్కల మీద మళ్ళీ ఖాళీ పెట్టెలు. బయటినుంచి చూస్తే కొండ, లోపల ఒక గది. మొదటిసారి ఇద్దరు మనుషులు ఇరుక్కుని కూర్చునేంత గది. "ఈ ఒక్కసారే బావా, వచ్చే లోడుతో నింపేద్దాం" అని మేస్త్రి బావమరిది చెప్పిన గది అది. లోడు రాలేదు. లెక్కకీ లెక్కకీ గది పెరిగింది. ఇప్పుడందులో పెళ్ళిభోజనాలు పెట్టొచ్చు.

పెళ్ళి జరగలేదు గానీ కాపురం మాత్రం జరుగుతోంది. గోడౌనులో ఒక బూడిదరంగు పిల్లి ఉంది. పని చెయ్యదు, అంతటా తిరుగుతుంది, అందరి కంచాల్లోకీ తొంగిచూస్తుంది. అందుకని హమాలీలు దానికి మేనేజరని పేరుపెట్టారు. ఆ మేనేజరు ఈ బోలు గదిలో పిల్లల్ని పెట్టింది.

మధ్యాహ్నానికి గోడ పూర్తయింది. గోడౌను వెనక గోడకీ గుట్టకీ మధ్య మనిషి పక్కవాటుగా మాత్రమే దూరగల సందు ఉంది. ఆ వైపు, నేలకి ఆనుకుని, ఒక్క పెట్టె పట్టే చోటు మిగిలింది. మేస్త్రి ఆఖరి పెట్టె పట్టుకుని వంగాడు. పిల్లి ఎక్కడినుంచో వచ్చి ఆ చోటు ముందు కూర్చుంది. అరవలేదు. ఆయన ముఖంలోకి చూసింది. లోపలినుంచి సన్నగా, దూదిలోంచి వచ్చినట్టు, పిల్లల కూత.

"మూసెయ్యండి మేస్త్రీ" అన్నాడు కోతలోడు. "లెక్క అయ్యాక తీద్దాం."

"అప్పటిదాకా పాలో?"

"కంపెనీ పాలు కూడా ఇస్తుందా ఏంటండీ?"

మేస్త్రి పెట్టెను పక్కన పెట్టేశాడు. పై వరస కుంగకుండా ఒక చెక్కముక్కను అడ్డంగా ఇరికించాడు. ఆ కంతలోంచి పిల్లి తోక లోపలికి వెళ్ళిపోయేదాకా చూసి, నడుం పట్టుకుని లేచాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బావమరిది ఇంటికొచ్చాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. కంపెనీ అకౌంట్సులో పని. మేస్త్రికి ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే. చెప్పులు విప్పుతూనే, "అక్కా, నాకూ ఒక కంచం పెట్టు, మీ ఆయన మొహం చూస్తే ఇవాళ తినేలా లేడు" అన్నాడు.

"ఆయన మొహం ఎప్పుడూ అంతేరా. తినేటప్పుడు కూడా పెట్టెలు మోస్తున్నట్టే ఉంటుంది" అంది ఆవిడ, కంచాలు పెడుతూ.

నడినెత్తిన పాత ఫ్యాను టక్, టక్‌మంటూ తిరుగుతోంది. ఒక రెక్క వంకర. ప్రతి చుట్టుకీ ఒకసారి తనని తాను తిట్టుకుంటున్నట్టు ఉంటుంది.

"ఫ్యాన్ల కంపెనీలో కీపరట! వింటే ఎవరైనా నవ్విపోతారు. కొండంత సరుకు పెట్టుకుని ఇంటికొక ఫ్యాను తెచ్చుకోలేరా?" అంది.

"అది కంపెనీ సరుకే."

"నేనేం దొంగతనం చెయ్యమన్నానా? ఉద్యోగస్తులకి తగ్గించి ఇస్తారటగా?"

"తగ్గించినా కొనాలిగా."

బావమరిది నవ్వి, జేబులోంచి మడిచిన కాగితం తీసి కంచం పక్కన పెట్టాడు. "భోంచేశాక ఒక సంతకం బావా. మామూలుదే."

మామూలుదే. ఇంతకుముందు మేస్త్రి మూడుసార్లు పెట్టాడు. మొదటిసారి పెట్టినప్పుడైతే పొంగిపోయాడు. అంతకుముందు తన సంతకం జీతం కాయితం మీద తప్ప ఎవరికీ అవసరం పడలేదు మరి. వేలు గుడ్డకి తుడుచుకుని, నాలిక కొంచెం బయటపెట్టి, గీతమీద గుండ్రంగా రాశాడు. ఏం రాసి ఉందో అడగలేదు. బావమరిది కాగితం, ఇంట్లో కాగితమే కదా.

ఈసారి మాత్రం ఆయన చెయ్యి కడుక్కొచ్చి, కాగితం తీసి దీపం దగ్గరికి జరిగాడు. పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు.

"చదువుతున్నావా? తెల్లారిపోతుంది బావా!"

"ఇదెందుకురా అసలు?"

బావమరిది అన్నం కలుపుతూ చెప్పాడు. ఆ మధ్య ఎక్కడో ఒక మహాకంపెనీ లేని సరుకు ఉన్నట్టు, రాని లాభం వచ్చినట్టు చూపించి కుప్పకూలింది. దాంట్లో దాచుకున్న ముసలీముతకా రోడ్డున పడ్డారు. జనం గోలపెట్టారు. ప్రభుత్వం చట్టం చేసింది. ఇకమీదట కంపెనీ పెద్దే లెక్కల కింద సంతకం పెట్టాలి. ఇదంతా నిజమని ఒప్పుకోవాలి. అబద్ధమని తేలితే నాకు తెలియదంటే కుదరదు, జైలే.

"మంచి చట్టమే" అంది ఆవిడ.

"మంచిదేనక్కా. మన ఛైర్మనుగారు కూడా అదే అన్నారు. నేను సంతకం పెట్టాలంటే నా కింద ఉన్నవాళ్ళందరూ ముందు నాకు సంతకం పెట్టి ఇవ్వండి అన్నారు."

అలా ఆ చట్టం పై అంతస్తులో పుట్టి మెట్లు దిగింది. డైరెక్టరు మేనేజర్లని అడిగాడు. మేనేజర్లు ఆఫీసర్లని అడిగారు. ఆఫీసర్లు గుమాస్తాల్ని అడిగారు. దిగి దిగి గోడౌనుకొచ్చి మేస్త్రి ముందు ఆగింది. ఆయన కింద ఇంకెవరూ లేరు, పిల్లి తప్ప.

"ఇందులో, సరుకంతా నా కళ్ళతో చూశాను, ఉన్నది ఉన్నట్టే ఉంది అని ఉందిరా. అబద్ధమైతే శిక్షకి నాదే బాధ్యత అని కూడా ఉంది."

"అది అందరి కాగితంలోనూ ఉండే మాటే."

"గదిలో ఏముందో నీకు తెలుసుగా? నువ్వేగా కట్టమన్నావు?"

బావమరిది ముద్ద ఆపాడు. అక్కవైపు చూసి గొంతు తగ్గించాడు. "బావా, సరుకు తక్కువ చూపిస్తే లాభం పోతుంది. లాభం పోతే బ్యాంకువాడు తలుపు మూస్తాడు. బ్యాంకు మూస్తే కంపెనీ మూత. నువ్వూ నేనూ ఆ హమాలీలూ అందరం వీధిలో ఉంటాం. నాలుగు ఖాళీ పెట్టెల గురించి ఇంతమంది కడుపు కొడతావా? ఈసారికి కానివ్వు."

కంపెనీలో చీపురు కొనాలన్నా కాగితం మీద హుకుం రావాలి. ఈ హుకుం మాత్రం ఎప్పుడూ కాగితం మీద రాలేదు. ప్రతిసారీ ఇలా కంచం దగ్గరే, బావా అన్న పిలుపుతోనే వచ్చింది.

"రేపు లెక్కయ్యాక పెడతాలే" అన్నాడు మేస్త్రి. కాగితం మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి చొక్కా విప్పకుండానే పడుకున్నాడు.

ఆడిటరు ఒక్కర్తే వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న చిన్నమ్మాయి, మెడలో ఐడీ కార్డు పట్టీ, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు. బావమరిది ఆమె పక్కనే గొడుగులా నడుస్తున్నాడు. ఆమె గుట్ట ముందు నిలబడి, పెన్సిలు గాల్లో ఆడిస్తూ ఎత్తు లెక్కపెట్టేది. పక్కకెళ్ళి వెడల్పు, మళ్ళీ పొడవు. మూడూ గుణించి రాసేది. బయటి మూడు వైపులూ చూస్తే లోపలున్నది కూడా చూసినట్టే లెక్క. గుట్టలు కట్టేవాడు మంచివాడైతే లెక్క ఎంత సుఖమో!

"చాలా నీట్‌గా పేర్చారండీ" అంది ఆమె మేస్త్రితో.

మామూలప్పుడైతే ఆ మాటని ఆయన వారం రోజులు నెమరేసేవాడు. ఇప్పుడు మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

ఆఖరి గుట్ట. ఆమె ఎత్తు లెక్కపెట్టింది. వెడల్పు దగ్గరికొచ్చేసరికి గోడలోంచి, నిండుగా ఫ్యాన్లున్న గోడలోంచి, "మ్యా" అని వినిపించింది.

పెన్సిలు ఆగింది.

మళ్ళీ "మ్యా". ఈసారి రెండు గొంతులు. తర్వాత గుంపంతా అందుకుంది. మేనేజరు ఏ చేపముల్లు కోసమో బయటికెళ్ళినట్టుంది.

కోతలోడు అటు తిరిగి దగ్గసాగాడు. బావమరిది చప్పున నవ్వేసి, "కొత్త మోడలండీ, శబ్దం కొంచెం ఎక్కువ" అన్నాడు. ఆమె నవ్వలేదు.

"లోపల పిల్లి ఉందా?"

"పిల్లి పిల్లలండీ" అన్నాడు మేస్త్రి.

"పెట్టెల మధ్య చోటెక్కడుంది?"

"పిల్లికెంత చోటు కావాలండీ, ఇంత సందు దొరికితే చాలు!" అన్నాడు బావమరిది. "రండి, టీ చల్లారిపోతుంది."

ఆమె అట్టవైపు చూసింది. గోడవైపు చూసింది. తర్వాత మేస్త్రివైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తప్పిపోయినప్పుడు దారి అడిగేవాళ్ళ చూపులా ఉంది. మేస్త్రి చెయ్యి తనంతట తనే చొక్కాజేబు మీదికి వెళ్ళింది. కాగితం గరగరమంది. ఎక్కడో పెద్ద పెద్ద భవనాల్లో పెద్దలు కూర్చుని రాసిన చట్టం, అన్ని మెట్లు దిగి, ఇంత దూరం నడిచొచ్చి, లోపల ఏముందయ్యా అని తననే అడుగుతోంది. తన జన్మలో ఇంత పెద్దదేదీ తనని ఒక్క మాటైనా అడగలేదు.

"ఇలా రండమ్మా" అన్నాడు.

"బావా!" అన్నాడు బావమరిది.

మేస్త్రి నడుమెత్తు వరసలోంచి ఒక పెట్టె మునివేళ్ళతో లాగి పక్కన పెట్టాడు. దాని వెనకది లాగాడు. మూడోది ఒంటిచేత్తో తీసి ఆమెకి అందించాడు. ఎంత బలమైనవాడైనా రెండు చేతులా పట్టుకోవలసిన పెట్టె అది. ఆమె చేతుల్లోకి వచ్చేసరికి ఊడిన ఈకలా పైకి లేచిపోయింది. ఆ బొక్కలోంచి ఆమె లోపలికి తొంగిచూసింది. చాలాసేపు చూసింది. లోపల నేలమీద ఒక పాత గోనె, గోనె మీద నాలుగు పిల్లి కూనలు.

"ఎవరు చెయ్యమన్నారు?" అంది, ఇంకా లోపలికే చూస్తూ.

"మా బావమరిదేనమ్మా" అంటూ మేస్త్రి వెనక్కి చూస్తే అతను లేడు.

మూడోనాడు పై అంతస్తుకి రమ్మని కబురొచ్చింది. మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. ఒక్కో అంతస్తు ఎక్కుతుంటే నేల మెత్తబడుతూ వచ్చింది. ఆఖరి గదిలో పాదం తివాచీలోకి దిగబడింది.

పెద్ద బల్ల. ఒక చివర ఛైర్మను, పక్కన లాయరు. ఇంకోవైపు కొత్త చట్టం ప్రకారం ఉండవలసిన బయటి పెద్దమనిషి. ఆయన నిజంగానే బయటివాడు, గదిలో జరిగేదానికి కూడా. బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగిపడకముందే అందుకోవడంలో మునిగి ఉన్నాడు. బల్ల కొసన ఆడిటరమ్మాయి.

"కూర్చోవయ్యా" అన్నాడు ఛైర్మను మెత్తగా. మేస్త్రి కూర్చోలేదు.

లాయరు మూడు కాగితాలు వరసగా పరిచాడు. "ఇవి నీ సంతకాలేనా?"

"నావేనండి."

"సరుకంతా ఉందని, నీ కళ్ళతో చూశానని మూడుసార్లు రాసిచ్చావు."

"అవునండి."

"ఇప్పుడు లేదంటున్నావు."

"లేదండి."

"అప్పుడు ఉండి ఇప్పుడు లేకపోతే, మధ్యలో ఏమైంది? తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

మేస్త్రి బల్లమీది మూడు సంతకాల్ని చూశాడు. ఆ ప్రశ్న నాలుగువైపులా చక్కగా పేర్చి ఉంది. ఎక్కడా సందు లేదు.

"అప్పుడూ లేదండి" అన్నాడు.

"అంటే అబద్ధం రాశానంటావు."

"సార్" అంది ఆడిటరమ్మాయి, "ఆయనే స్వయంగా చూపించారు. ఎవరూ అడక్కముందే."

"పిల్లి అరవకముందా, అరిచాకా?"

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "అరిచాక."

"దొరికిపోతానని తెలిశాక చూపించాడు. నువ్వు చూసింది రాశావమ్మా, బాగా రాశావు. ఎవరు చెయ్యమన్నారో చూశావా?"

"చూడలేదు. ఆయన చెప్పింది కూడా రాశాను."

"అతను చెప్పాడని రాశావు. దానికి కాగితమేదైనా ఉందా?"

"మా బావమరిది చెప్పాడండి" అన్నాడు మేస్త్రి. "ప్రతిసారీ వాడే చెప్పాడు."

"ఎక్కడ?"

"మా ఇంట్లోనండి. భోంచేస్తూ."

బయటి పెద్దమనిషి బిస్కెట్టు వదిలి మొదటిసారి తలెత్తి నవ్వాడు.

బావమరిదిని పిలిచారు. అతను గోడ పక్కన నిలబడి తివాచీ మీది పువ్వుల్ని చూశాడు. "మా అక్క మొగుడేనండీ. నేనే ఉద్యోగం ఇప్పించాను. ఇలా చేస్తాడనుకోలేదు" అన్నాడు. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. అందులో నటన ఎంతో, బాధ ఎంతో అతనికే తెలియాలి.

లాయరు ఒక ఫొటో బల్లమీద జరిపాడు. గుట్ట వెనకవైపు, నేలకి ఆనుకుని, చెక్కముక్క అడ్డం పెట్టిన కంత. "సరిగ్గా ఒక పెట్టె పట్టేంత. ఇక్కడినుంచే తరలించాడు. పైది కూలకుండా చెక్క కూడా పెట్టుకున్నాడు."

"అది పిల్లి కోసమండి!"

ఈసారి అందరూ నవ్వారు, ఆడిటరమ్మాయి తప్ప. ఆమె బల్లమీది గీతల్ని వేలితో రుద్దుతూ కూర్చుంది.

"నేను సంతకం పెట్టేదే నీ సంతకం చూసి కదయ్యా" అన్నాడు ఛైర్మను. అతని కళ్ళు తడిగా కూడా ఉన్నాయి. "నన్నింత మోసం చేస్తావా?"

కింద హమాలీలని కూడా అడిగారట. మిగిలినవాళ్ళు మాకేం తెలియదన్నారు. కోతలోడు ఒక్కడే ముందుకొచ్చి, "లోపల ఫ్యాన్లు ఎప్పుడూ లేవండీ, ఖాళీ పెట్టెలు మేమే మడిచి పేర్చాం, ఆఫీసువాళ్ళే అట్టలు పంపారు" అని చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పిన మొదటి నిజం అది. రాసుకునేవాడు కలం మూసేసి, "లారీ లేపినవాడివి నువ్వేనా?" అని అడిగాడు.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. కొత్త చట్టం ప్రకారం పెట్టుకున్న తనిఖీ పద్ధతుల వల్లే కంపెనీలో దొంగతనం బయటపడిందనీ, చట్టం చక్కగా పనిచేస్తోందనడానికి ఇదే రుజువనీ ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడు. పోయిన ఫ్యాన్లని నష్టం కింద కొట్టేశారు. ఆ ఒక్క దెబ్బతో గదిలోని గాలంతా లెక్కల్లోంచి కూడా ఖాళీ అయిపోయింది.

మేస్త్రి తాళాలు అప్పగించడానికి వెళ్ళాడు. గుట్ట కూల్చేశారు. విరిగిన అట్టల మధ్య పిల్లి కనిపించలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, అది ఒక్కో కూననీ నోట కరుచుకుని గోడ దాటించిందని, ఆఖరిదాన్ని తీసుకెళ్తూ వెనక్కి కూడా చూడలేదని.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. గుమ్మం దగ్గర బావమరిది చెప్పులు లేవు గానీ, అతను వచ్చి వెళ్ళినట్టు రెండు కంచాలు కడిగి బోర్లించి ఉన్నాయి. భార్య చాపమీద కూర్చుని ఉంది. పేపరు మడిచి తొడకింద పెట్టుకుంది. మేస్త్రి గోడకి జారగిలబడ్డాడు.

"రేపు స్టేషనుకి రమ్మన్నారు" అన్నాడు.

ఆవిడ లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది. గ్లాసు అందుకుంది. దాన్ని కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది.

"తమ్ముడు వచ్చాడు. ఎలాగోలా పెద్దవాళ్ళతో మాట్లాడి సర్దుతానన్నాడు" అంది.

"ఊఁ."

"నేనెవరికీ చెప్పను. ఒట్టు. తమ్ముడికి కూడా చెప్పను." ఆవిడ దగ్గరికి జరిగి, వీధి తలుపువైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది. "ఆ ఫ్యాన్లు అమ్మిన డబ్బు ఎక్కడ పెట్టారు?"

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. నవ్వులాట కాదు. ఆయన అరచెయ్యి చాచి, పక్కనున్న గోడని మెల్లిగా ఒక్క చరుపు చరిచాడు. తల వంచి విన్నాడు.

నెత్తిమీద పాత ఫ్యాను టక్, టక్‌మంటూ తిరుగుతోంది.